ఏడో రీలు, తొమ్మిదో రీలు

విన్నిపెగ్, కెనడా,
శనివారం మధ్యాహ్నం.

తమ్ముడు దేవదానానికి,

అన్న ఆనందరావు ప్రభువు పేరట వందనాలు చెప్పి రాస్తున్నాను. ఇక్కడ నేనూ, ప్రశాంతీ, అల్లుడు కిరణూ క్షేమం. అక్కడ నువ్వూ, మరదలు సువార్తా, పిల్లలూ క్షేమంగా ఉన్నారని తలుస్తున్నాను. తలుచుకోవడమే తప్ప నీ నోట వినే దారి లేదు. మనిద్దరికీ మాటలు లేక అయిదేళ్ళయింది కదా. నీ మోకాలి నొప్పి ఎక్కువైందనీ, గరికపాడు పంక్చర్ షాపు పెద్దాడికి అప్పగించి జగ్గయ్యపేటలో ఇంటిపట్టునే ఉంటున్నావనీ సువార్త ప్రశాంతికి ఫోనులో చెప్పిందట. ఆ కాలు మడిచి కింద కూర్చోవద్దు. ముక్కాలిపీట వేసుకో.

నీకు ఉత్తరాలు చివరిదాకా చదివే అలవాటు లేదు కాబట్టి అసలు సంగతి ముందే రాస్తాను. నాకు వచ్చేయాలని ఉంది. మీ పెరట్లో మిరపకాయ బస్తాలు వేసుకునే గది ఉందే, అది చాలు. మంచం, కుర్చీ, పుస్తకాలకు రెండు చెక్కలు. అంతకంటే అడగను. ఈ మాట ప్రశాంతితో అంటే ఏమందో రాస్తాను, విను.

"ఎక్కడికెళ్తావు నాన్నా? నందిగామ ఇల్లు నువ్వే అమ్మేశావు. అక్కడెవరున్నారు నీకు?"

"తమ్ముడున్నాడు."

"ఏ తమ్ముడు? అమ్మ జ్ఞాపకార్థ కూడికలో విస్తరి ముందు నుంచి లేపి పంపించావే, ఆ బాబాయా?"

"నేను లేపలేదు. వాడే లేచాడు."

"అలా లేచేలాగా ఎవరన్నారు? సర్లే, బాబాయి నోటితో 'అన్నయ్యను పంపించమ్మా' అని ఒక్క మాట అనమను. మర్నాడే టిక్కెట్టు తీస్తా. అప్పటిదాకా పాస్‌పోర్టు నా బీరువాలోనే ఉంటది."

అదీ ఇక్కడ నా పరిస్థితి. నీ ఒక్క ఫోను మీద ఆగి ఉంది.

పిల్లలు నన్ను బాగానే చూసుకుంటున్నారు. దానికి ఏ లోటూ లేదు, ఎవరైనా అడిగితే అలాగే చెప్పు. ప్రశాంతి ఆసుపత్రి డ్యూటీకి పొద్దున్నే వెళ్ళేటప్పుడు అన్నం, పప్పు, ఒక కూర మూతలు పెట్టి వెళ్తుంది. కిరణ్ లోపలి గదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఎవరితోనో మాట్లాడుతూనే ఉంటాడు. నేను గిన్నెలు తుడుస్తాను, బట్టలు మడతపెడతాను, కిటికీ దగ్గర కూర్చుంటాను. ఏడో అంతస్తు. కిటికీ తెరుచుకోదు, అసలు తెరుచుకునేటట్టు చెయ్యలేదు. బాల్కనీ తలుపు మంచుకి బిగుసుకుపోయి నవంబరు నుంచి కదలలేదు. మన దగ్గర మే నెలలో వడగాలికి జడిసి పట్టపగలు తలుపులు వేసుకుంటాం చూడు, ఇక్కడ ఆరు నెలలు అలా ఉంటాం. కిందటేడు ఒకసారి చెప్పకుండా కిందకి దిగాను. చెవులు రెండూ ఉన్నాయో లేవో తెలియలేదు. అప్పటినుంచి నా బూట్లు ఎత్తున ఉన్న అరలో పెట్టారు.

తెచ్చుకున్న పుస్తకాలు రెండేసి సార్లు అయిపోయాయి. పుస్తకం ఉన్నవాడికి ఒంటరితనం లేదని రాసిన మహానుభావులంతా వీధి తలుపు బార్లా తెరిచి పెట్టుకుని రాసినవాళ్ళేనని నాకిప్పుడు అర్థమైంది.

ఇంకో చిన్న పని. నందిగామలో మీ వదిన సమాధి చుట్టూ పిచ్చిచెట్లు పెరిగి ఉంటాయి. ఎవరినైనా పెట్టి పీకించి, ఒక పూత సున్నం వేయించు. నీకు వెళ్ళడం ఇష్టం లేకపోతే పెద్దాడిని పంపించు.

ఇక ఈ చలికాలం ఎలా గడుపుతున్నానో రాస్తాను. నువ్వు నవ్వుతావు. నవ్వినా ఫరవాలేదు. కోటు దొర సినిమాలు చూస్తున్నాను.

అవును, అవే. మనం పనిచేసిన హాళ్ళలో వేసిన ఆ ఇంగ్లీషు గూఢచారి సినిమాలే. మనం ఆడించిన రోజుల్లో మూడో నాలుగో ఉండేవి. ఇప్పుడు ఇరవై దాటాయి. కోటు అదే, లోపల మనిషి మారుతూ వచ్చాడు. అన్నీ టీవీలో ఉన్నాయి. కిరణ్‌కి అవంటే ప్రాణం. వరస చూడకుండా ప్రతి ఆదివారం ఒకటి చూడాలని నియమం పెట్టాడు. నేను తిడుతూనే పద్దెనిమిది చూశాను.

వాటి మీద ఈ ఇంట్లో నలుగురికి నాలుగు అభిప్రాయాలు. కిరణ్ లెక్కలో కొత్తవే గొప్పవి.

"ఇప్పటి హీరోకి ఫీలింగ్స్ ఉన్నాయి మావయ్య గారూ. పాతాయన మనిషిని చంపి టై సరిచేసుకునేవాడు. ఈయన చూడండి, చంపి బాధపడతాడు."

"చచ్చినవాడికి తేడా ఏముంది నాయనా?"

ప్రశాంతి ప్రతిసారీ సగంలో నిద్రపోతుంది. "అన్నీ ఒకటే నాన్నా. మొదట కనిపించిన అమ్మాయి ఇంటర్వెల్‌కి చచ్చిపోతది. రెండో అమ్మాయి మిగులుతది. నన్ను లేపకండి" అని కాళ్ళు ముడుచుకుంటుంది. నాలుగో మనిషి కింది అంతస్తు ఫ్రాంకు. ఇంగ్లండులో పుట్టి ఇక్కడ నలభై ఏళ్ళు బస్సు నడిపిన ముసలాయన, నాకంటే రెండేళ్ళు పెద్ద. ఆదివారం మనింటి పులిహోర కోసం వస్తాడు. ఆయన మాట తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: "మా దేశంలో బస్సు టైముకి రావడం నా జన్మలో చూడలేదు. వీళ్ళు ప్రపంచాన్ని టైముకి కాపాడతారంటే నమ్మమంటావా?"

నా అభిప్రాయం అడగలేదు కాబట్టి చెబుతాను. మొదటి మూడూ సినిమాలు. వాటిలో గూఢచారి తప్పు చేస్తాడు, భయపడతాడు, ఎదుటివాడు చెప్పేది వింటాడు. తర్వాత ఎనిమిదో తొమ్మిదో ఉన్నాయి, అవి తిరునాళ్ళలో రంగులరాట్నం. బూటు మడమలో రేడియో, గొడుగులో తుపాకి. ఒకదాంట్లో మన దేశం చూపించారు. రోడ్డు నిండా ఏనుగులు, పాములవాళ్ళు. నందిగామ సెంటర్లో లారీ వెనక ఇరుక్కుని ఒక్క గంట నిలబడితే ఆ దర్శకుడికి దేశమంటే ఏమిటో తెలిసేది. దుర్మార్గుడు ఎప్పుడూ పరాయి యాసవాడే. కొత్తవాటిలో దొర ఏడుస్తాడు, చిన్నప్పటి ఇంటికి వెళ్ళి గోడలు తడుముతాడు. ఆ ఏడుపు కూడా బూటులో రేడియో లాంటిదే, ఇంకో సామాను. కానీ ఒక్క మాట ఒప్పుకోవాలి. ప్రతి సినిమాలోనూ దొరని ఎక్కడో ఒకచోట బంధిస్తారు. ఇనుప గది, నీళ్ళ గుంట, మంచు కొండ మీద కోట. వాడు చుట్టూ చూసి, ఏదో ఒకటి విరగ్గొట్టి, అయిదు నిమిషాల్లో బయటపడతాడు. అది చూసేటప్పుడు మాత్రం నేను తిట్టను. కిటికీ వైపు చూస్తాను.

నందిగామ సాహితీ సంఘం కార్యదర్శి గుర్తున్నాడా, వెండి పొన్ను చేతికర్రాయన? చదువుకున్న మాస్టారు సినిమా హాల్లో మైకు పట్టుకుని ఇంగ్లీషు బొమ్మల కథ చెబుతాడా అని నా మీద సభలో తీర్మానం పెట్టించాడు. ఆయన మూడు ఆటలూ బాల్కనీలో కూర్చుని చూసినవాడే. మా హెడ్‌మాస్టరు నాకు మెమో ఇచ్చి, సాయంత్రం పాసులడిగాడు. వాళ్ళిద్దరూ పోయారు. పోయినవాళ్ళ మీద నాకేం జాలి లేదు. బతికున్నప్పుడు వాళ్ళకి నా మీద ఉందా? ఈ మాటలు ఎక్కడో ఒకచోట రాసి ఉంచాలని రాశాను.

ఇక వాళ్ళ పాపాలు చాలు. నువ్వు ఎదురుచూసేది వేరే ఉందని నాకు తెలుసు.

మూడు వారాల కిందట ఆ సినిమా వచ్చింది. మన సినిమా. దొర స్నేహితుడు, నెరిసిన జుట్టాయన, వంతెన మీద శత్రువులకి కాగితాలు ఇచ్చే సినిమా. మొదలవకముందే నేను కిరణ్‌తో, "ఈ ముసలాయన్ని బాగా చూడు. నమ్మించి ద్రోహం చేస్తాడు" అన్నాను. యాభై ఏళ్ళుగా చెబుతున్న మాటే కదా, అలవాటుగా వచ్చింది.

సినిమా నడిచింది. వంతెన వచ్చింది. ముసలాయన కాగితాలిచ్చాడు. శత్రువు కారు తలుపు విసురుగా వేస్తే ఈయన వేళ్ళు నలిగాయి. అప్పుడు కార్ల పరుగు. ఆ తర్వాత ఆఫీసు. ముసలాయన కుడిచేతికి తెల్లటి కట్టు. పెద్ద ఆఫీసరు చెయ్యి కలపబోయి, కట్టు చూసి, ఎడమ చెయ్యి పట్టుకుని మెచ్చుకున్నాడు. ఇచ్చినవి దొంగ కాగితాలు. ఇవ్వమన్నది ఆ ఆఫీసరే.

కిరణ్ టీవీ ఆపి నా వైపు తిరిగాడు. "ద్రోహి కాదుగా మావయ్య గారూ! బాసే పంపించాడు. మంచోడాయన."

ప్రశాంతి ఆరోజు నిద్రపోలేదు. లేచి కూర్చుంది. "అయితే బాబాయి చెప్పిందే నిజమా నాన్నా?"

"సౌండు పెంచవయ్యా" అన్నాను కిరణ్‌తో.

దేవదానం, ఆ రోజు జరిగింది నీకు తెలియనిది కాదు. కానీ నా వైపు జరిగింది నీకెవరూ చెప్పలేదు. సుబ్బారావు చెప్పి ఉండేవాడేమో, అతను ముందే పోయాడు. కాబట్టి నా చేత్తో నేనే రాయాలి.

రెండు ఊళ్ళ హాళ్ళకీ ఒకే యజమాని, ఒకే ప్రింటు. నందిగామలో ఆట ముందు మొదలయ్యేది. అక్కడ ఆడిన రీళ్ళు రెండేసి డబ్బాలు మోటారు సైకిల్ మీద చిల్లకల్లు దాటి నీ దగ్గరికి జగ్గయ్యపేట వచ్చేవి. నందిగామలో సుబ్బారావు ఆపరేటరు, జగ్గయ్యపేటలో నువ్వు. ఇంగ్లీషు బొమ్మ వచ్చినప్పుడు తెర పక్కన మైకు పట్టుకుని కథ తెలుగులో చెప్పడం నా పని. ఆ ఆదివారం మ్యాట్నీకి ముందు సుబ్బారావు పైనుంచి దిగొచ్చాడు.

"మాస్టారూ, ఓ చిక్కొచ్చిందండి. రెండు డబ్బాల మీద అంకెలు కొట్టేసి మళ్ళీ రాసున్నయ్. ఏది ఏడో ఏది తొమ్మిదో తెలీట్లా. ఒకదాంట్లో ఆఫీసుంది, ఒకదాంట్లో వంతెన. ఏది ముందెయ్యమంటారు?"

రీళ్ళు పూర్తిగా విప్పి దీపానికి అడ్డం పెట్టి చూద్దామని అతను అన్నాడు. నేను వద్దన్నాను. కంపెనీ వాళ్ళు పంపిన ఇంగ్లీషు కరపత్రం నా జేబులో ఉంది. 'నమ్మిన స్నేహితుడు', 'ద్రోహం' అనే మాటలు అందులో ఉన్నాయి. అవి చాలనుకున్నాను. "ముందు నమ్మకం, తర్వాత ద్రోహం. గొప్ప నాటకాలన్నీ అంతే. ఆఫీసు ముందు వెయ్యి" అన్నాను. నేను చదివినవాడిని. అతను చదవనివాడు. వేశాడు.

హాలు నిండా జనం. మైకులో నా గొంతు. ఆఫీసు సీను వచ్చింది. ముసలాయన చేతికి కట్టు.

ఈ ఉత్తరం ఇప్పటికి మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఆ మూడింటిలోనూ, 'టీవీలో చూశాక నా పొరపాటు తెలిసింది' అని రాశాను. అది అబద్ధం. ఆ కట్టు నాకు ఆ రోజే కనిపించింది. ఆఫీసరు మెచ్చుకోవడం నా చెవులతో విన్నాను, ఇంగ్లీషు నాకు వచ్చు కదా. రీలు తప్పు పడిందని మైకు చేతిలో ఉండగానే తెలిసిపోయింది. ఆపమని పైకి చెయ్యి ఊపితే చాలు, సుబ్బారావు ఆపేసేవాడు. కానీ ఆఫీసు ముందని చెప్పింది నేనే. ఆరువందల మంది నా నోటివైపు చూస్తున్నారు. 'పాత యుద్ధంలో తగిలిన గాయం ఇంకా మానలేదు' అన్నాను. 'ఈ కాగితాలు ప్రాణం పోయినా ఎవరికీ ఇవ్వకు అని పెద్దాయన హెచ్చరిస్తున్నాడు' అన్నాను. తర్వాత వంతెన మీద ముసలాయన కాగితాలిస్తుంటే జనం చెప్పులు విసిరారు. ఆట అయ్యాక నా చుట్టూ మూగి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నేను తీసుకున్నాను.

అదే మధ్యాహ్నం నీ దగ్గరికి ఆఫీసు రీలు ముందు వచ్చింది. నువ్వు దీపానికి అడ్డం పెట్టి చూశావు, కట్టు చూశావు, ఆట ఆపేశావు. వంతెన రీలు వచ్చేదాకా గంటసేపు జనాన్ని కూర్చోబెట్టావు. తిట్లు తిన్నావు, బెంచీలు విరిగాయి. వరస సరిచేసే వేశావు. మొత్తం మన మెట్ట ప్రాంతంలో ఆ సినిమాని ఉన్నదున్నట్టు చూసింది ఆ ఆదివారం నీ హాల్లో ఓపిక పట్టినవాళ్ళే.

సోమవారం జగ్గయ్యపేట హాలు వరండాలో యజమాని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్నూ పిలిపించాడు.

"గంటసేపు ఆపుతావంటయ్యా ఆట? హాలు నీ అబ్బ సొత్తా?"

"రీలు తప్పొచ్చిందండి. కట్టు ముందు, దెబ్బ తర్వాత ఎట్టా వస్తదండి?" అన్నావు నువ్వు.

"నీకు ఇంగ్లీషొచ్చా?"

"ఇంగ్లీషెందుకండి? కళ్ళున్నయ్ కదా."

ఆయన నవ్వి నా వైపు తిరిగాడు. "మాస్టారూ, తమరు చదువుకున్నోళ్ళు. మీ తమ్ముడని చూడకుండా చెప్పండి. ఏది సరి?"

"చెప్పన్నయ్యా" అన్నావు నువ్వు. నీ మొహంలో ఏ దిగులూ లేదు. నేనున్నాననే ధైర్యం అది. అదే నన్ను ఇన్నేళ్ళూ తింటున్నది.

"నందిగామలో వేసిందే సరైన వరస" అన్నాను.

నిన్ను ఆ మధ్యాహ్నమే పంపించేశారు. కొత్తగా వచ్చినవాడు మిగతా రెండు రోజులూ నా వరసలోనే వేశాడు. నువ్వు ఆపరేటరు లైసెన్సు పెట్టెలో పెట్టి, గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీల టైర్లు విప్పడం నేర్చుకున్నావు. ఆ తర్వాత ఒక్క సినిమా చూడలేదని సువార్త అంటుంది. ఇన్నేళ్ళలో నువ్వు నన్ను అడిగింది ఒకటే. మీ వదిన కూడికలో కూడా విస్తరి ముందు కూర్చుని నెమ్మదిగానే అడిగావు. "వదిన కూడా పోయింది. మనమూ ముసలోళ్ళమైనం. నేనేసిందే సరని ఒక్కసారి అనన్నయ్యా, చాలు." దానికి నేను అందరూ వినేటట్టు, "పంక్చర్లు వేసుకునేవాడికి ఇంగ్లీషు సినిమాల సంగతి ఎందుకురా" అన్నాను. నువ్వు చెయ్యి కడుక్కుని లేచిపోయావు.

ఇప్పుడు రాస్తున్నాను. నువ్వు వేసిందే సరి. నేను చెప్పింది తప్పు. తప్పని తెలిసే చెప్పాను. ఇందులో ఇంగ్లీషు రావడానికీ రాకపోవడానికీ సంబంధం లేదు.

రాశాక ఇంకో చిక్కు కనిపించింది. ఉత్తరం మొదట్లో గది అడిగాను. దాని వెనక ఈ మాట చదివితే నువ్వేమనుకుంటావో నాకు తెలుసు. నీ స్థానంలో నేనుంటే అదే అనుకుంటాను. 'గది కావాల్సొచ్చింది, నిజం బయటికొచ్చింది.' అలా అనుకునే అవకాశం నీకు ఇవ్వను. యాభై ఏళ్ళ కిందట నీకు రావలసిన మాట ఇది. పెరటి గదికి అద్దెగా ఇస్తే మళ్ళీ నిన్ను మోసం చేసినట్టే.

అందుకని గది మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పేరా నేను రాయలేదనుకో. ప్రశాంతికి ఫోను చెయ్యవద్దు. సువార్తతో కూడా చేయించవద్దు. నేను ఇక్కడ ఉంటాను. ఉండగలను. మార్చి దాటితే మంచు కరుగుతుందంటున్నారు, అప్పుడు బూట్లు ఇస్తారు.

ఈ ఉత్తరం ప్రశాంతి చేతికి ఇవ్వడం లేదు. చదివితే ఆ పిల్ల నీకు ఫోను చేసి ఏడుస్తుంది, మళ్ళీ గది సంగతికే వస్తుంది. రేపు ఫ్రాంకు వస్తే పోస్టులో వెయ్యమని ఆయనకిస్తాను. ఆ హాల్లో కూర్చున్నవాళ్ళెవరైనా ఇంకా ఉంటే వాళ్ళకి చదివి వినిపించు. సంతకం కిందనే ఉంది.

సువార్తకు నా దీవెనలు, పిల్లలకు ముద్దులు. మన సంఘ పెద్దలందరికీ వందనాలు చెప్పు. ప్రార్థనలో నా పేరు తలవడం నీకు కష్టంగా ఉంటే పేరు లేకుండా తలువు. మోకాలు జాగ్రత్త.

నీ దగ్గర తప్పు సాక్ష్యం చెప్పిన నీ అన్న,
ఆనందరావు